సుత్తీ, నోటుబుక్కూ

పోయిన ఆదివారం సాలువాలో మా మేనకోడలి ఇంటికెళ్తే నాకు కాఫీ దొరకలేదు. ఎనిమిదో నెల. అన్నం తిని ఎడమ పక్కకి ఒత్తిగిలి, నోటుబుక్కులో గీతలు పెడుతోంది. "మాట్లాడించకు మావయ్యా, ఏడయ్యాయి" అంది. బిడ్డ కదలికలట.

లెక్కలంటే నాకెంత ఒళ్లుమంటో మీకు తెలుసు. అడుగులు లెక్కపెట్టే గడియారాల మీద ఈ కాలమ్‌లోనే రెండుసార్లు ఏడ్చాను. మా నాన్న ఖరగ్‌పూర్ స్టేషన్‌లో బండి ఆగగానే పొడుగు కామ సుత్తితో చక్రాలు కొట్టుకుంటూ పోయేవాడు. మంచి చక్రం ఖంగుమనేది, పగులుంటే బొంగురుపోయేది. ఎన్ని కొట్టావు నాన్నా అంటే, "లెక్క గుమాస్తాకిరా, నాకు తేడా చాలు" అనేవాడు. నేను ఆ జట్టు.

డాక్టర్లలోనూ నా జట్టువాళ్లున్నారు. పది కదలికల లెక్క 1976లో కార్డిఫ్‌లో పుట్టింది. 1989లో 68,000 మంది గర్భిణులతో పరీక్షించి చూస్తే, లెక్కపెట్టడం వల్ల కడుపులో చావులు తగ్గలేదు. 2018లో బ్రిటన్, ఐర్లండ్‌ల 33 ఆసుపత్రుల్లో నాలుగు లక్షల పైచిలుకు కాన్పుల మీద, కదలిక తగ్గితే వెంటనే రమ్మని తల్లులకు చెప్పి చూశారు. మృతశిశు జననాలు వెయ్యికి 4.40 నుంచి 4.06కి దిగాయి. అంత చిన్న తేడాను నమ్మలేమన్నారు. ఆపరేషన్లు మాత్రం పెరిగాయి. ఇంకేం, ఈ వారం కాలమ్ తయారనుకున్నాను.

గురువారం రాత్రి మేనకోడలి ఫోన్. పొద్దుటి నుంచీ కదలిక పల్చబడింది. నెలలు నిండేకొద్దీ బిడ్డకి చోటు చాలదని అత్తగారి మాట. ఒక ఆసుపత్రికి ఫోన్ చేస్తే, చల్లగా ఏదైనా తాగి పొద్దున్న రమ్మన్నారట. రెండూ తప్పే. నెలలు నిండితే తన్నులు పోయి దొర్లడాలొస్తాయి గానీ, కదలిక తగ్గదు. బిడ్డ ఒక్కో నిద్ర 20 నుంచి 40 నిమిషాలు. 90 దాటడం అరుదు. మాయ నుంచి ప్రాణవాయువు సరిగా అందకపోతే, బిడ్డ కదలిక తగ్గించుకుని దాన్ని పొదుపు చేసుకుంటుంది. చాలామందికి ఏమీ కాదు. ఎవరికి అవుతుందో తెల్లారేదాకా ఆగి తేల్చుకోవడం కుదరదు.

ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ "ఊరికే భయపడుతున్నావమ్మా" అనబోయిన నోరు, వారం రోజుల గీతలు చూసి ఆగింది. మా నాన్న చెవిని అందరూ నమ్మారంటే చేతిలో సుత్తి ఉండబట్టే. ఉత్త చేతుల్తో వచ్చి "ఏదో తేడాగా ఉంది" అనే ఆడపిల్లని ఎవరు నమ్ముతారు?

కడుపుకి బెల్టులు కట్టి గుండెచప్పుడు గీయించారు. స్కాన్‌లో ఉమ్మనీరు చూశారు. బాగానే ఉంది.

నోటుబుక్కు అయిపోవచ్చిందంటే నిన్న గోల్ బజార్‌లో కొన్నాను. రెండొందల పేజీలది. అంత అక్కర్లేదట.