విశ్వాసానికీ ధర్మానికీ నడుమ: బోయి భీమన్న ‘పాలేరు’లో వెంకన్న పాత్ర

చెడిన సమాజాన్ని ఎదిరించే సత్పురుషుడి కథ తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. ఆ సత్పురుషుడు పాలేరు అయినప్పుడు మాత్రం విమర్శకుడికి ఒక చిక్కు ఎదురవుతుంది. పాలేరు మంచితనాన్ని కొలిచే కొలమానం అప్పటికే ఆసామి చేతిలో ఉంటుంది. ఎదురు చెప్పనివాడు, ఉప్పు తిన్న ఇంటిని విడిచిపోనివాడు మంచి పాలేరు. రాజోలు ప్రాంతంలోని మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న, స్వాతంత్ర్యానికి పూర్వమే రచించిన ‘పాలేరు’ నాటకంలో తలపడింది ఈ కొలమానంతోనే.

గౌతమీ వసిష్ఠల నడుమ, ధవళేశ్వరం ఆనకట్ట తరువాత కాలువ నీటితో సస్యశ్యామలమైన కోనసీమలో వరి సేద్యం పాలేరు శ్రమ మీద నడిచింది. పశువుల మేత మొదలు నూర్పిళ్ల దాకా ఏడాది పొడవునా అతని కాలం ఆసామిదే. కాబట్టి పాలేరు చదువుకోవడానికి పలకా పుస్తకమూ చాలవు. అంతకన్న ముందు కాలం కావాలి. వెంకన్న చదువు కోరడమంటే, ఆసామి సొత్తుగా చెల్లుతున్న తన కాలాన్ని తిరిగి అడగడమే. ఆసామి కంటికి అది కృతఘ్నత. నాటకం దానినే ధర్మంగా నిలబెడుతుంది. వెంకన్న ఉన్నతోద్యోగి కావడాన్ని అతని తెలివికీ పట్టుదలకూ దక్కిన ఫలంగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ విజయం కన్న, పని విడిచే హక్కు తనకొకటున్నదని అతడు గుర్తించడమే ఆ పాత్రకు ప్రాణమని నా అభిప్రాయం.

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922)తో పోల్చితే ఈ భేదం స్పష్టమవుతుంది. అక్కడ కూలీల పక్షాన నిలిచిన సంగదాసు చౌదరయ్య దెబ్బకు నేలకొరుగుతాడు. వెంకటదాసు ధనికులను దోచి పేదలకు పంచే మార్గం పట్టి చెరసాలలో మరణిస్తాడు. రామదాసు ఎన్ని కష్టాలు వచ్చినా శాంతాన్ని వీడడు. ఔదార్యం అక్కడ మరణంతోనో సహనంతోనో రుజువవుతుంది. పాఠకుడి మనసు కరగడానికి దళితుడు చనిపోవలసి రావడం, ఎంత గొప్ప నవలలోనైనా, కొంత ఇబ్బంది కలిగించే విషయమే. భీమన్న తన నాయకుణ్ణి బతికించాడు.

ప్రక్రియ ఎంపికలోనూ ఔచిత్యముంది. అక్షరం రాని పాలేరు నవల చదవలేడు, నాటకం చూడగలడు. ఈ ప్రదర్శనలు చూసి పాలేర్లు పని మాని బడిబాట పట్టారని చెబుతారు. ఆ మాటలో అతిశయమెంత ఉన్నా, నాటకం ఎవరిని ఉద్దేశించిందో అది తెలుపుతుంది.

లోటు లేకపోలేదు. వెంకన్న ఒక్కడే పైకెక్కుతాడు. అతడు వదిలిన కొట్టంలోకి మరొక పిల్లవాడు రాకుండా ఏది ఆపుతుందో నాటకం తేల్చదు. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం (1975) పొందిన భీమన్న కావ్యం ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ పేరే చెబుతున్నది, చదువు అందివచ్చిన తరువాత కూడా పల్లెకు నిప్పు తప్పలేదని. నాటకాన్ని నాటక చరిత్రలోనూ కావ్యాన్ని కవిత్వ చరిత్రలోనూ విడివిడిగా ఉంచడం వల్ల, ఒకే రచయిత తన తొలినాటి ఆశను తానే ప్రశ్నించుకున్న తీరు మరుగున పడింది. వెంకన్న పాత్రపై ఇకముందు జరిగే పరిశోధన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవవలసి ఉంది.