మర్యాద ఎక్కువైతే

వెటకారం నోటితో అనడం తేలిక, రాయడం కష్టం. నోటికి గొంతు సాయం ఉంటుంది. "అబ్బో" అన్న మాటను కాస్త సాగదీస్తే ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది. కాగితం మీద ఆ సాగదీత వినిపించదు.

1899లో అల్కాంటర్ ద బ్రామ్ అనే ఫ్రెంచి కవి వ్యంగ్యానికంటూ ఒక విరామచిహ్నాన్ని ప్రతిపాదించాడు. అది నిలవలేదు. 1982లో స్కాట్ ఫాల్‌మన్ కంప్యూటర్ సందేశాల్లో పరిహాసానికి గుర్తుగా పెట్టమన్న నవ్వుముఖం నిలిచింది కానీ, ఇప్పుడది ఉత్త నవ్వుకే పనికొస్తోంది.

తెలుగులో రాసేవారికి ఆ గుర్తులతో పని లేదని నా నమ్మకం. మనకు మర్యాద ఉంది. పొద్దెక్కి లేచిన కొడుకును అమ్మ "లేచావా?" అంటే మామూలు పలకరింపు. "అయ్యగారు లేచారా?" అంటే చీవాట్లు. "ట" కూడా అలాంటిదే. "తీరిక లేదట" అంటే విన్న మాట చెప్పడం. "పాపం, తీరిక లేదట" అంటే ఆ సాకు నమ్మలేదని చెప్పడం. "మహా చెప్పొచ్చావులే"లో "మహా" ఎంత పెద్దదో, అవతలివాడి మాటకు విలువ అంత తక్కువ. ఇన్ని ఉండగా వాక్యం చివర మూడేసి ఆశ్చర్యార్థకాలు గుచ్చడం ఎందుకు? కొత్తగా రాసేవాళ్లు వాటిని కొట్టేసి క్రియాపదం మీద శ్రద్ధ పెట్టాలి.

అయితే ఏ వెటకారానికైనా ఆధారం చనువే. భద్రాచల రామదాసు చెరసాలలో పడి, ఒక కీర్తనలో రాముడికీ ఆయనవాళ్లకూ చేయించిన నగల ఖర్చు ఒక్కొక్కటే లెక్క చెప్పి, అవి నీకు మామగారు పెట్టినవా అని నిలదీస్తాడు. చివరకు దెబ్బలకు ఓర్వలేక తిట్టానని తానే చెప్పుకుంటాడు. అన్ని మాటలన్నా అది భక్తి కీర్తనే అని వినేవాళ్లకు తెలుసు. ఆ ఇద్దరి బంధం వాళ్లకు ముందే తెలుసు కనుక.

ఫోన్ సందేశాల్లో మాటలు బెడిసికొట్టేది ఇక్కడే. ఎప్పుడూ "మీరు" అనే వియ్యంకుడికి "చాలా బాగా చేశారండీ" అని రాస్తే, అది మెప్పో దెప్పో ఆయనకెలా తెలుస్తుంది? మర్యాద పెంచడానికి అక్కడ చోటే లేదు. అలాంటివారితో మనసులో కష్టం ఉంటే ఫోన్ చేసి మాట్లాడండి. రాయక తప్పకపోతే ఉన్నది ఉన్నట్టు రాయండి.