ఆరంటే ఆరే

డిసెంబరొచ్చింది, ఊళ్లో మాల్స్ అన్నిట్లో థర్మాకోల్ మంచు కురుస్తోంది. ఈ వారం ఒకచోట ఎస్కలేటర్ పైన వేలాడదీసిన మంచు పువ్వుకి ఎనిమిది రేకులున్నాయి. లెక్కల దగ్గర నాకు కాస్త చాదస్తం, ఉండాల్సినవి ఆరే. నీరు గడ్డకట్టేటప్పుడు అణువులు షట్కోణాలుగా అల్లుకుంటాయి. కొమ్మలు ఆ ఆరు మూలల నుంచే పుడతాయి. ఈ ధనుర్మాసంలో సందుచుక్కల ముగ్గు వేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కింది వరస సందులో పై వరస చుక్క పడిందంటే ఆరు రేకుల పువ్వు దానంతటదే కుదురుతుంది. ఎనిమిది కావాలంటే సరిచుక్కలు పెట్టుకోవాల్సిందే.

ఈ ఆరు రేకుల అందాన్ని లోకానికి చూపినవాడు విల్సన్ బెంట్లీ. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, జెరికో ఊరి రైతు. 1885 జనవరిలో మైక్రోస్కోపుకి కెమెరా తగిలించి తొలి ఫోటో తీశాడు. 1931లో పోయేనాటికి 5,000 దాటాయి. చలి కొట్టంలో నిలబడి, నల్లటి పలక మీద మంచు పట్టి, నచ్చిన పలుకుని చీపురుపుల్లతో గాజు మీదికెత్తి, ఈకతో మెల్లిగా అదిమేవాడు. ఊపిరి తగిలితే కరుగుతుంది కనక అదీ బిగబట్టేవాడు.

ఇంతవరకూ నాకు భక్తే. ఆ తర్వాత ఏం చేసేవాడంటే, నెగెటివ్‌కి నకలు తీసి, పలుకు అంచు వెంబడి చుట్టూ ఉన్న పూతంతా చాకుతో గీకేసేవాడు. ఆ ఫోటోల్లో చిమ్మచీకటి లాంటి నలుపు చాకు పనితనమే! అంచులు పాడవుతాయని జర్మనీ వాతావరణ శాస్త్రవేత్త గుస్టావ్ హెల్‌మాన్ మండిపడ్డాడు. 1893లో ఆయన వేసిన పుస్తకంలో పలుకులు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. కురిసేవాటిలో చాలావరకు ఆ బాపతే. కొన్ని ఒకదాన్నొకటి గుద్దుకుని విరుగుతాయి. నక్షత్రాల్లాంటి పలుకులు మైనస్ 15 డిగ్రీల దగ్గర పుడతాయి. మైనస్ 5 దగ్గరైతే సూదులే, రేకుల ఊసే లేదు.

నా చాదస్తం ప్రకారం నేను హెల్‌మాన్ పార్టీ. కానీ వంకరవాటిని బెంట్లీ చూడలేదా? మిగతా అందరికంటే ఎక్కువ చూశాడు, చూసే వదిలేశాడు. వెయ్యి పక్కనపెట్టి ఒకటి ఎత్తడమే కదా ఆయన విద్య! వాదనకొస్తే హెల్‌మాన్ పక్షాన నిలబడతాను. గోడకి ఫ్రేము కట్టించుకోమంటే మాత్రం బెంట్లీ ఫోటోనే, చాకు గీతలతో సహా.