బిడాలపదకము – బంగారుపిల్లి

పిల్లిని జంపినవారు బంగారుపిల్లిని జేయించి దానమీయవలయునను నమ్మకము దేశమునఁ బెక్కుచోట్ల వ్యాపించియున్నది. హిందీకథకుఁడు భగవతీచరణవర్మ రచించిన ‘ప్రాయశ్చిత్తము’ అను కథకు నీ నమ్మకమే మూలము. కోడలు విసరిన పీఁటదెబ్బకుఁ బిల్లి పడిపోవును. పురోహితుఁడు కుంభీపాకనరకమును జూపి యింటివారిని భయపెట్టి, 21 తులముల పిల్లి కావలయునని మొదలిడి, బేరముమీఁద 11 తులములకు దిగును. తుదకుఁ జచ్చెననుకొన్న పిల్లి లేచి పాఱిపోవును.

ఈ కథ శాస్త్రమునే పరిహసించినదని కొంద ఱాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపము నిలుచునా యనుటకు స్మృతులే సాక్ష్యము. మనుస్మృతి పదునొకండవ యధ్యాయమున మార్జారము, ముంగిస, కప్ప మొదలగువానిని జంపినవారి కొక వ్రతమును విధించి, వెంటనే సులభమార్గములును జెప్పఁబడినవి: మూఁడురాత్రులు పాలు త్రాగుట, యోజనదూరము నడచుట, నదిలో స్నానము చేయుట, జలదేవతాకమైన సూక్తమును జపించుట. యాజ్ఞవల్క్యుఁడును మూఁడుదినముల క్షీరపానమునో, కృచ్ఛ్రవ్రతమునఁ బాదమునో విధించెను. ఈ స్థలములయందు బంగారుపిల్లి ప్రసక్తియే లేదు.

ఇంకొక విశేషము. అదే ప్రకరణమున నొంటెను జంపినవానికి మనువు చెప్పిన దానము కృష్ణలము, అనఁగా గురిగింజయెత్తు బంగారము. తులమునకు 96 గురిగింజల చొప్పునఁ గథలోని 11 తులములు 1056 గింజల యెత్తగును. ఒంటెకు నొక్కటి, పిల్లికి వేయియేఁబదియాఱు!

అయినను బిల్లికిని బంగారునకును శాస్త్రమున నిజమైన చుట్టఱికమొకటి కలదు. అది తూనికలోఁ గలదు. చరకసంహిత కల్పస్థానమునను, శార్ఙ్గధరసంహితయందును గర్షమను తూనికకుఁ జెప్పిన పర్యాయములలో సువర్ణము, బిడాలపదకము అను రెండును గలవు. బిడాలపద మనఁగాఁ బిల్లియడుగు. పోలికను దెలుపు కన్‌ప్రత్యయము చేరఁగాఁ ‘బిల్లియడుగువంటిది’ యను నర్థము కుదురును. ఆ ప్రత్యయమే ప్రతిమను గూడఁ దెలుపును. గుఱ్ఱపుబొమ్మ అశ్వకమైనట్లు పిల్లిబొమ్మ బిడాలకమగును. తూనికపేరును, దానమడిగిన బొమ్మపేరును నొక్క ప్రత్యయముచేతనే సిద్ధించుచున్నవి.

ఇఁక నా తూనిక యెంత? అమరకోశము ననుసరించి 5 గురిగింజలు మాషము, 16 మాషములు కర్షము, వెరసి 80. శార్ఙ్గధరుఁడు మాషమునకు 6 గింజలు చెప్పెను గావున 96. తెలుఁగునాట వాడుకలోనుండిన తులము 12 మాసములు, మాసము 8 గింజలు, అదియు 96. నేఁడు అంగళ్లలో 10 గ్రాములకే తులమను పేరు చెల్లుచున్నను, పూర్వపుఁదులము సుమారు 11.66 గ్రాములు. బాన్సువాడలోఁ బెండ్లికి నగలు కొనువారు తులములలో లెక్కించునపుడు, శార్ఙ్గధరుని లెక్కను, తమకుఁ దెలియకయే పిల్లియడుగులను లెక్కించుచున్నారు.

కావునఁ గథలోని పురోహితుఁడు కోరినది పదునొకండు బిడాలపదకముల బంగారము. మాట శాస్త్రములోనిదే, విధి మాత్రము స్మృతిలోనిది గాదు. వర్మ నవ్వినది గ్రంథము విప్పకయే త్రాసు పట్టినవానిని. పొరపాటునఁ బిల్లిని జంపిన పేదయిల్లాలిని మనుయాజ్ఞవల్క్యులు మూఁడుదినముల పాలతో విడిచిపెట్టిరి. ఆమె మెడలోని పుస్తెలను వారడుగలేదు. ఈ భేదము నెఱిఁగి చదివినవారికే యా కథలోని హాస్యము పూర్ణముగా రుచించును.