ఒక నది, రెండు పల్లెలు
(బాల్జాక్, జార్జ్ సాండ్ నవలలలో అంద్ర్ లోయ)

ఏటి ఒడ్డు పల్లెలను గురించిన నవల చదివేటప్పుడు పాఠకుడు సామాన్యంగా ప్రకృతివర్ణనను వెదుకుతాడు. వర్ణన మనోహరంగా ఉంటే పల్లెను చూచినట్లే భావిస్తాడు. కాని చూపినదేమిటి అన్న ప్రశ్నకంటె ముందు అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. చూచినవాడు ఎక్కడ నిలిచి చూచినాడు? మేడమీద నిలిచి చూచినవానికి పొలం ఒక రంగు; చాలులో నిలిచినవానికి అది ఒక దినపు పని. అంతకంటె ముఖ్యం, ఆ పల్లె తన నోటితో తాను మాట్లాడినదా, లేక దాని పక్షాన మరెవరైనా మాట్లాడినారా అన్నది. ఈ ప్రశ్నలను పరీక్షించటానికి ఫ్రాన్సు దేశంలోని అంద్ర్ నది లోయ తగిన క్షేత్రం. ఒకే ఏటి పొడవున, ఇంచుమించు ఒకే కాలంలో, ఇద్దరు మహారచయితలు రెండు పల్లెలను సాహిత్యంలో ప్రతిష్ఠించినారు. దిగువ పల్లె సాషే, బాల్జాక్‌ది. ఎగువ పల్లె నోఆన్, జార్జ్ సాండ్‌ది.

అంద్ర్ పెద్దనది కాదు. ఫ్రాన్సు నడిమిసీమలోని మెట్టల అంచున పుట్టి, సుమారు 280 కిలోమీటర్లు వాయవ్యంగా పారి ల్వార్ నదిలో కలుస్తుంది. ఎగువభాగం బెర్రీ సీమ. అక్కడ పొదలకంచెల నడుమ చిన్న చిన్న చేలు, వర్షాకాలంలో బురదతో నిండే లోతైన బండిదారులు. దిగువభాగం తూరేన్ సీమ. అక్కడ తెల్లని మెత్తటి సున్నపురాతి ఇండ్లు, ద్రాక్షతోటలు, పాప్లర్ చెట్ల వరుసలు, నీటిమరలు. ల్వార్ లోయ అనగానే లోకానికి రాజసౌధాలు స్ఫురిస్తాయి. 2000లో యునెస్కో ఆ లోయలో పెద్దభాగాన్ని ప్రపంచవారసత్వ స్థలాల పట్టికలో చేర్చినది. అంద్ర్ తీరాన కూడ లోష్ దుర్గమున్నది, ఏటి నడుమ లంకపై పదహారవ శతాబ్దిలో కట్టిన అజే-ల-రిదో సౌధమున్నది. కాని ఈ ఉపనదికి సాహిత్యంలో కీర్తి తెచ్చినవి ఆ సౌధాలు కావు, పైరెండు పల్లెలు.

బాల్జాక్ 1799లో తూర్ పట్టణంలో జన్మించినాడు. పారిస్ నగరంలో అప్పులవారి బాధ దుర్భరమైనప్పుడల్లా అతడు స్వసీమకు వచ్చి, తన కుటుంబానికి మిత్రుడైన మార్గోన్ అనే భూస్వామి ఇంట తలదాచుకునేవాడు. ఆ ఇల్లే సాషే దివాణం. 1825 మొదలు 1848 వరకు అనేక పర్యాయాలు అక్కడ బసచేసి, మేడపై చిన్నగదిలో కూర్చుండి వ్రాసుకున్నాడు. 1836లో వెలువడిన అతని నవల ‘లోయలోని లిల్లీ’కి సాషే పరిసరాలే రంగస్థలం. ఫెలిక్స్ అనే యువకుడు తూర్‌లో ఒక విందులో పేరు తెలియని స్త్రీని చూచి మోహించినాడు. కొన్నాళ్ళకు కాలినడకన సాషే వైపు వస్తూ, మెట్టపైనుండి అంద్ర్ లోయను మొదటిసారి చూచినాడు. చూచినంతనే ఆమె నివాసం ఇక్కడనే ఉండి తీరవలెనని నిశ్చయించుకున్నాడు. అతని ఊహ నిజమైనది.

ఈ ఒక్క ఘట్టంలో నవల స్వభావమంతా ఇమిడి ఉన్నది. ఆ లోయ ఫెలిక్స్ కంటికి ఊళ్ళ సముదాయంగా తోచలేదు, ఒక స్త్రీ హృదయంగా తోచినది. ఏటి వంపులు, మరల చప్పుడు, ఒడ్డున పూచిన పూలు అన్నీ మోర్సోఫ్ ప్రభుపత్ని అంతరంగానికి సంకేతాలైనవి. ఆమె వివాహిత, రోగిష్ఠి బిడ్డలకు తల్లి, కోపిష్ఠి, వ్యాధిగ్రస్తుడు అయిన భర్తను ఓర్చుకొంటున్న ఇల్లాలు. పలుకరాని ప్రేమను ఫెలిక్స్ పూలగుత్తులతో తెలుపుతాడు. పొలాల గట్లనుండి కోసి తెచ్చిన ఆ పూలకు ఉన్నంత వాక్కు ఆ పొలాలను దున్నినవారికి ఈ నవలలో లేదు. వారు ద్రాక్షకోతల వేళ కనిపిస్తారు. చివరకు ఆమె మరణించగా సాషే శ్మశానానికి కన్నీటితో వెంట నడుస్తారు. కృతజ్ఞత తెలుపుకొనటమే వారి పాత్ర.

అంతటితో బాల్జాక్‌ను త్రోసివేయటం తొందరపాటు అవుతుంది. ఈ ప్రణయకథ నడుమ అతడు ఆకస్మికంగా వ్యవసాయపు లెక్కలలోకి దిగుతాడు. ప్రభుపత్ని తన భూములను పెద్ద కమతాలుగా విభజించి, నమ్మకమైన రైతులకు సంగోరుకు ఇవ్వాలని ఆలోచిస్తుంది. ఇల్లు ఎవరిది, విత్తనం ఎవరిది, పంట ఎట్లు పంచుకోవలె అన్న వివరాలన్నీ అక్కడ ఉన్నవి. సౌందర్యోపాసకుడైన పాఠకుడు ఆ పుటలను దాటవేస్తాడు. కాని లిల్లీపువ్వు నిలిచిన నేల ఏ ఒప్పందంమీద నిలిచినదో చెప్పేవి అవే. ఆ లెక్క భూస్వామిపక్షం నుండి వేసినది, నిజమే. అయినా లెక్క ఉన్నది. మరొక విశేషం కూడ గమనింపదగినది. ఫెలిక్స్ ఈ కథనంతా ప్రస్తుతం తాను ప్రేమిస్తున్న నతాలీకి లేఖగా వ్రాసినాడు. ఆమె తిరుగులేఖలో అతనిని ఎత్తిపొడిచి, సెలవు పుచ్చుకొంటుంది. ఫెలిక్స్ చూచిన లోయ ఫెలిక్స్ కన్నులది మాత్రమేనని బాల్జాక్ ఎరుగును.

ఎగువకు పోతే, లా షాత్ర్ పట్టణానికి చేరువలో నోఆన్ పల్లె. జార్జ్ సాండ్ అన్నది కలంపేరు. అసలు పేరు ఒరోర్ ద్యుపేన్. 1804లో పారిస్‌లో పుట్టి, నోఆన్‌లో తన నాయనమ్మ ఇంట పెరిగి, 1876లో ఆ ఇంటనే కన్నుమూసినది. ఆమె కూడ దివాణపు బిడ్డయే. కాని రైతుబిడ్డలతో ఆడి, వారి మాట నేర్చినది. 1846లో వెలువడిన ‘దయ్యపు మడుగు’ నవల ఆరంభంలో హోల్బైన్ చిత్రకారుని ఒక చిత్రం ప్రసక్తికి వస్తుంది. అందులో ముసలి రైతు దున్నుతూ ఉండగా మృత్యువు ప్రక్కన పరుగెత్తుతూ గుర్రాలను అదలిస్తుంటుంది. సాండ్ ఆ చిత్రానికి ఎదురుగా మరొక చిత్రాన్ని నిలిపినది: బలిష్ఠుడైన యువకుడు, కొత్తగా కాడికి కట్టిన నాలుగుజతల ఎడ్లు, ములుగర్ర పట్టి నడిచే పసివాడు, ఎడ్లకు అలుపు తెలియకుండ దున్నేవాడు ఎత్తుకునే పాట. ఇక్కడ పొలం రంగు కాదు, పని. ఆ పనికి స్వరమున్నది.

కథ చిన్నది. భార్య పోయిన జెర్మేన్ రెండవ పెండ్లి సంబంధం చూచుటకు వెళుతూ, కొలువుకు పోతున్న మరీ అనే పేదపిల్లను వెంటబెట్టుకుపోతాడు. పొగమంచులో దారితప్పి మడుగు ప్రక్క రాత్రి గడుపుతారు. నవల ముగిసిన తరువాత సాండ్ ఆ సీమ వివాహాచారాలను ప్రత్యేకంగా వర్ణించినది. పెండ్లికూతురి వాకిట, నార తీసే పనివాడు ఒక పక్షాన, శ్మశానంలో గోతులు త్రవ్వేవాడు మరొక పక్షాన నిలిచి, పాటకు పాటగా వాదులాడుతారు. పగలు ఊరికి అవసరమై, రాత్రి కథలు చెప్పేవారే ఈ ఇరువురు. పల్లెకు తన పండితులు, తన వాక్‌పోటీలు ఉన్నవని పారిస్ పాఠకులకు ఆమె చూపినది. రైలుబాట వచ్చి ఈ ఆచారాలను తుడిచివేయబోతున్నదని కూడ ఆమె అప్పుడే హెచ్చరించినది.

1847 చివర పత్రికలో ప్రకటితం కాసాగిన ‘ఫ్రాన్స్వా ల షాంపీ’ పీఠికలో ఆమె ఒక భాషాసమస్యను లేవనెత్తినది. కుడిప్రక్కన పారిస్‌వాసి, ఎడమప్రక్కన పల్లెరైతు కూర్చుండి వింటున్నట్లు కథ చెప్పటం సాధ్యమా? పట్టణపు మాటలకు రైతు బెదరకూడదు, పల్లెపలుకులకు నాగరికుడు తికమకపడకూడదు. ‘షాంపీ’ అనగా చేలలో విడిచిపెట్టిన బిడ్డ. ఆ మాటను శీర్షికలో నిలపటమే ఆమె ఇచ్చిన జవాబు. పల్లెకు గౌరవమివ్వటమనగా దాని మాటకు గౌరవమివ్వటం.

అయితే సాండ్ విడిచిపెట్టినది కూడ లెక్కించవలసి ఉన్నది. ఆమె పల్లెలో పేదరికం లేకపోలేదు. మరీ కొలువుకు పోయినది లేమివల్లనే; అక్కడి యజమాని ఆమెను చెరుపజూచినాడు కూడ. కాని ఆ బాధలన్నీ పెండ్లితో తీరిపోతాయి. ఆమె కథ వ్రాస్తున్న కాలంలోనే ఆ ఏటి తీరాన వేరొక కథ నడిచినది. నోఆన్‌కు దిగువన, సాషేకు ఎగువన, అంద్ర్ ఒడ్డునే బ్యూజాన్సే అనే ఊరున్నది. 1846లో పంటలు దెబ్బతిని ధాన్యపు ధర పెరిగినది. 1847 జనవరిలో ఆ ఊరి పేదలు ధాన్యపు బండ్లను అడ్డగించినారు. అల్లరి చెలరేగి ఒక భూస్వామి హతుడైనాడు. ఆ ఏప్రిల్‌లో ముగ్గురికి ఆ ఊరిలోనే బహిరంగంగా మరణశిక్ష అమలుజరిపినారు. ఆ సంవత్సరాంతంలో ఆరంభమైన సాండ్ నవలలో ఈ సంఘటన జాడ లేదు.

ఇది అజ్ఞానంవల్ల జరిగినది కాదు. 1848 విప్లవంలో సాండ్ ప్రజల పక్షాన కలం పట్టినది. ఆ జూన్‌లో పారిస్ వీథులలో రక్తం పారిన తరువాత నోఆన్‌కు మరలి, ‘చిన్నారి ఫాదెత్’ వ్రాసినది. ద్వేషం పెచ్చుపెరిగిన వేళ మనుష్యులకు సౌమ్యతను జ్ఞప్తికి తేవటమే కళాకారుని విధి అని ఆమె విశ్వాసం. ఈ విశ్వాసాన్ని గౌరవింపవచ్చును. అయినా దానికి చెల్లించిన మూల్యాన్ని విమర్శ దాచరాదు. మరొకవైపు, బాల్జాక్ 1844లో ప్రకటింపసాగి అసంపూర్ణంగా విడిచిన ‘రైతులు’ నవలలో భూమికై జరిగే పోరును నిర్దయగా చిత్రించినాడు. అందులో ఆకలి ఉన్నది, కుట్ర ఉన్నది, రైతుపై ప్రేమ మాత్రం లేదు. ఇక్కడొక వైపరీత్యం గోచరిస్తుంది. రైతును ప్రేమించిన రచయిత్రి అతని పద్దుపుస్తకాన్ని మూసివేసినది. పద్దుపుస్తకం తెరచిన రచయిత అతని పాటను వినలేదు.

ఈ భేదం వారికి తెలియనిది కాదు. 1838లో బాల్జాక్ నోఆన్‌కు వచ్చి, కొన్నిదినాలు సాండ్‌తో రాత్రులు తెల్లవార్లూ సంభాషించినాడు. మానవుని ఉన్నట్లు చిత్రించటం అతని పనియని, ఉండదగినట్లు చిత్రించటం తన పనియని ఆమె తరువాత ఒక పీఠికలో వివరించినది. ఒకరి మార్గాన్ని ఒకరు తక్కువ చేసుకొనలేదు. ఆ స్నేహం పాఠకునికి కూడ మార్గదర్శకం.

నేడు సాషే దివాణం 1951 నుండి బాల్జాక్ మ్యూజియంగా ఉన్నది. నోఆన్ ఇల్లు ప్రభుత్వ సంరక్షణలో ఉన్నది. యాత్రికులు రచయిత గదిని, బల్లను చూచి తృప్తిపడి మరలిపోతారు. నోఆన్ ప్రక్కనున్న విక్ గ్రామపు చర్చిలో చూడవలసినది మరొకటి ఉన్నది. 1849లో ఆ చర్చి గోడల సున్నం గీకగా పన్నెండవ శతాబ్దపు చిత్రాలు బయటపడినవి; వాటిని కాపాడటానికి సాండ్ కూడ పూనుకున్నది. పల్లెలను గురించిన సాహిత్యాన్ని చదువుట ఇటువంటి పనియే. పైపూత ఎంత తెల్లగా ఉన్నను, దాని క్రింద ఏమున్నదో గీకి చూడవలసినదే.

భారతీయ పాఠకునికి ఈ చర్చ దూరదేశపు ముచ్చట కాదు. 1936లో ‘గోదాన్’ ద్వారా ప్రేమ్‌చంద్ రైతు అప్పును లెక్కగట్టినాడు. 1954లో ‘మైలా ఆంచల్’ ద్వారా ఫణీశ్వరనాథ్ రేణు పల్లె పలుకును, పాటను హిందీ నవలలో నింపినాడు. పల్లెను గురించిన ఏ రచననైనా రెండు ప్రశ్నలతో తూచవచ్చును: అందులో పల్లె గొంతు వినిపిస్తున్నదా? పల్లె పద్దు కనిపిస్తున్నదా? రెండింటికీ ఔనని చెప్పగల నవలలు ఏ భాషలోనైనా కొద్ది. అంద్ర్ లోయ ఒక్క నవలలో ఆ రెండింటినీ ఇవ్వలేదు. సాషేను, నోఆన్‌ను కలిపి చదివి, ఆ రెండింటి నడుమ బ్యూజాన్సేను మరువనివానికే ఆ నది పూర్తిగా తెలుస్తుంది.