చెంప నెరిగిన చేయి

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో బావినీటితో గడ్డము గీసికొనదలచినవానికి కత్తికంటె ముందుగా నీరే అడ్డు తగులును. ఆ ఉప్పునీటిలో కరగియున్న సున్నపు లవణములును, మెగ్నీషియము లవణములును సబ్బుతో కలిసి నురుగుకు మారుగా తెల్లని తెట్టెను పుట్టించును. బ్రష్షు నెంత త్రిప్పినను ఆ నురుగు చెంపమీద నిలువక, కత్తి వచ్చులోపలనే విరిగి ఎండిపోవును. అదే సబ్బును, అదే బ్రష్షును తీసికొని, 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు విడిచిన పిమ్మట కృష్ణనీటి రుచి తెలిసిన నరసరావుపేట, చిలకలూరిపేట పల్లెలకు పోయినచో, నాలుగు త్రిప్పులకే చిక్కని నురుగు లేచును. ఉప్పునీటి ఊళ్ళవారు చేయగలిగినది ఒకటి కలదు: నీటిని మరగించి, సున్నము అడుగున దిగిన పిమ్మట పై తేటను వంచుకొనుట. వేడినీటితో గీసికొన్నచో గడ్డము మెత్తబడునని పెద్దలు చెప్పుదురు. ఆ వేడిలో నీటి కాఠిన్యము కూడ కొంత తగ్గుచున్నదనుట వారికి అనుభవముచేత తెలిసినదే.

నీటిని, చర్మమును, వెంట్రుకను, ఉక్కును ఒక్కచోటికి తెచ్చి, వాని స్వభావముల నెరిగి మెలగుటయే ఈ విద్య. దీనిని వృత్తిగా కాక వినోదముగా స్వీకరించినవారు ఇటీవలి కాలమున బయలుదేరిరి. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి దశాబ్దమున పాశ్చాత్యదేశములలో మొలకెత్తిన ఈ వేడుక, తరువాతి పదేండ్లలో మన నగరములకును ప్రాకినది. గుంటూరు బ్రాడీపేట మేడలలోను, ఒంగోలు నుండి హైదరాబాదు, బెంగుళూరులకు కొలువులకై పోయిన యువకుల అద్దెగదులలోను, జర్మనీ దేశపు జోలింగెన్ పట్టణమునుండి వచ్చిన మడతకత్తులు, బరువైన ఉక్కు రేజర్లు, జంతురోమముల బ్రష్షులు, చందనపు పరిమళము గల సబ్బులు కొలువుతీరినవి. ఆదివారపు ఉదయమున ఒక గంటసేపు అద్దము ముందు నిలుచుట ఒక వ్రతమైనది. ఇప్పుడు ఆ సామగ్రిలో చాలభాగము అటకెక్కినది. ఈ ఉత్సాహము ఎందుకు చల్లబడినదో విచారించుటకు ముందు, అది దేనిని పట్టుకొనవలసినదో, దేనిని పట్టుకొన్నదో చెప్పుట న్యాయము.

పొడిగా ఉన్న గడ్డపు వెంట్రుక మిక్కిలి మొండిది. అది తడిసి, రెండు మూడు నిమిషములు నానినచో నీటిని పీల్చుకొని ఉబ్బి, కత్తికి తేలికగా లొంగును. సబ్బెరుగని రోజులలో వేపచెట్టు క్రింద కూర్చుండబెట్టి గడ్డము గీసిన క్షురకుడు ఈ ధర్మమును నమ్మియే, గిన్నెలోని నీటిలో వ్రేళ్ళు ముంచి, చెంపలను, చుబుకమును, దవడ క్రిందిభాగమును తీరికగా మర్దించుచు, ఊరి కబుర్లన్నియు ఆ తడుపులోనే ముగించెడివాడు. ఆ కబుర్లు కాలక్షేపమునకని కూర్చున్నవాడు అనుకొనును. వెంట్రుక నానుటకు పట్టు కాలము నింపుటకని క్షురకునికి తెలియును. సబ్బు వచ్చిన పిమ్మట నురుగు చేయుపని కూడ ఇదియే. వెంట్రుకను అంటిపెట్టుకొని నీటిని ఆరనీయకుండుటయు, కత్తి జారుటకు దారి ఇచ్చుటయు దాని ప్రయోజనములు. కావున గాలితో పొంగి బుడగలుకట్టిన నురుగుకంటె, నీరు బాగుగా పట్టిన పలుచని జిగురు నురుగే మేలైనది.

ఇక వాలు. దీనిని తెలిసికొననివాడు ఎంత వెలగల కత్తిని పట్టినను వ్యర్థమే. ముఖముమీద వెంట్రుక ఒకే దిక్కున పెరుగదు. చెంపలమీద సాధారణముగ క్రిందికి వాలియుండును. దవడ మూలను దాటగానే ప్రక్కకు తిరుగును. మెడమీద కొందరికి పైకి లేచును. గొంతుముడి ప్రక్కల సుడులు తిరిగి, రెండు వ్రేళ్ళ జాగాలో మూడు దారులు పట్టును. రెండు దినముల గడ్డముమీద వ్రేలిని నలువైపులకు నడిపినచో, ఏ దిక్కున నునుపుగా సాగునో అది వాలు, ఏ దిక్కున గరుకుగా తగులునో అది ఎదురు. మొదటి విడత వాలువెంట, రెండవ విడత అడ్డముగా, చర్మము ఓర్చుకొన్నచో మాత్రమే మూడవ విడత ఎదురుగా గీయవలెను. ప్రతి విడతకును నురుగు క్రొత్తగా పట్టించవలెను. అలుగు చర్మమునకు ఇంచుమించు ముప్పది డిగ్రీల వాటమున ఆనియుండవలెను. అంతకంటె నిట్రముగా నిలిపినచో చర్మమును గోకును, మరీ పరుండబెట్టినచో వెంట్రుకను లాగును. ఎడమచేతి వ్రేళ్ళు చర్మమును బిగబట్టుచుండగా, కుడిచేయి కత్తిని అదుమక, దాని బరువుతోనే దానిని నడిపింపవలెను. అదుముట నేర్చినవాడు ఈ విద్యకు సగము దూరమైనట్లే.

మడతకత్తి విషయమున ఇంకొక మెట్టు కలదు. గీసిన ప్రతిసారి అలుగు అంచు కంటికి కానరానంత సూక్ష్మముగా వంగును. తోలుపట్టాపై కత్తి వీపును ముందుంచి, అంచును వెనుక ఈడ్చుచు పోయి, చివర వీపుమీదనే దొర్లించి తిరిగి వచ్చినచో ఆ వంపు సరియగును. త్రిప్పునపుడు వీపు పైకి లేచినదా, పట్టాయు తెగును, అంచును చెడును. మెత్తని వెంట్రుక ఉక్కును ఎట్లు చెరచునని సందేహము కలుగవచ్చును. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2020లో 'సైన్స్' పత్రికలో దీనికి సమాధానము ప్రకటించిరి: ఉక్కు నిర్మాణము అంతట ఏకరీతిగా లేనందున, వంగిన వెంట్రుక అలుగునకు ఒక కోణమున తగిలినచోట అంచు పెచ్చులూడును. వెంట్రుకకంటె ఉక్కు ఏబది రెట్లు గట్టిదైనను దానికి ఈ గతి తప్పదు. పట్టా వంపును సరిచేయగలదే గాని పెచ్చును పూడ్చలేదు. దానికి సానరాయి కావలెను. ఈ రెంటి భేదమును క్షురకుని కొడుకు పదియేండ్ల ప్రాయముననే ఎరిగియుండెడివాడు.

అంతయు ముగిసిన పిమ్మట పటిక. అది రక్తమును కట్టును, చర్మమును బిగించును. అంతేగాక అది నిష్పక్షపాతియైన పరీక్షకుడు. తడిచెంపమీద పటికను రుద్దినపుడు ఎచ్చట చురుక్కుమనునో, అచ్చట చేయి అదిమినదని అర్థము. మన ప్రాంతమున ఈ పరీక్షకు రెండవ పరీక్షకుడు కూడ కలడు. మాఘఫాల్గుణములలో గుంటూరు మిర్చియార్డులో అడుగిడువాడు ఉదయమే ఎదురుగా గీసికొని పోయినచో, గాలిలోని కారపుధూళి అతని తప్పులన్నిటిని లెక్కించి చెప్పును. ఆ మంటకు నీళ్ళు చల్లుకొనుట తెలివితక్కువ పని. మిరపలోని కారము నీటిలో కరగదు, నూనెలో కరగును. కాసిని కొబ్బరినూనె రాసి, పిమ్మట సబ్బుతో కడిగికొన్నచో ఉపశమించును.

ఈ విద్యను తరతరములు మోసినవారు నాయీబ్రాహ్మణులు. వారి అడపములో కత్తి, సానరాయి, తోలుపట్టా, కత్తెర, గోరుగల్లు, చిన్న అద్దము ఉండెడివి. వారే కురుపులు కోసి మందు వేసెడివారు. వారి స్త్రీలు పురుడు పోసెడివారు. పెండ్లిలో సన్నాయి వారిదే. ఇంత చేసినవానికి ముట్టునది ఏటికొకసారి కళ్ళములో కొలిచిన మేర గింజలు. పొద్దున్నే అతడు ఎదురగుట అపశకునమని తలచినవారే, శుభకార్యమునకు అతని సన్నాయి లేనిదే ముహూర్తము సాగదనిరి. అతని కత్తి దళితుల చెంపను తాకరాదని ఊరు శాసించినది. పాతకాలపు క్షవరమును పొగడుచు ఈ సంగతిని దాటవేయువారి పొగడ్తకు విలువ ఇయ్యలేను.

ఈ దృష్టితో చూచినచో జిల్లెట్ అను అమెరికన్ వర్తకుడు 1901లో సంస్థను స్థాపించి, 1904లో పేటెంటు హక్కు పొందిన రేజరు మన పల్లెలలో చేసిన మేలు చిన్నది కాదు. కాగితమువలె పలుచని బ్లేడు చేతికి వచ్చిన నాటినుండి, ఊరు కాదన్నవాడు తన గడ్డము తాను గీసికొనగలిగెను. టోపాజ్, భారత్, సెవెనోక్లాక్ బ్లేడులు కిరాణాకొట్టు గోడకు వ్రేలాడినవి. గీయుటకు పనికిరాని బ్లేడు పలకబలపమును చెక్కుటకు, కుట్టు విప్పుటకు, గోళ్ళు తీయుటకు పనికివచ్చెడిది. అట్టి పొదుపు మన ఇండ్లలోనే చూచితిని. అయినను ఈ రేజరు విద్యను తీసివేయలేదు. వాలు, వాటము, తడుపు దానికిని కావలసినవే. విద్యను అనవసరము చేసినవి తరువాతి యంత్రములు: 1971లో జంట అలుగులు, 1998లో మూడు, 2006లో అయిదు. వాటము రేజరు తలలోనే బిగించియుండుటచే చేయి ఎట్లు తిరిగినను పని సాగును. మొదటి అలుగు లాగిన వెంట్రుకను రెండవది చర్మము క్రింద కోయుటచేత, ఉంగరపు వెంట్రుకలవారికి అది లోపలికే పెరిగి పొక్కులు లేచుట దాని ప్రతిఫలము. వింత యేమనగా, అయిదు అలుగులు అమ్మిన ఆ జిల్లెట్ సంస్థయే 2010లో మన దేశమునకై ఒంటియలుగు రేజరును పదునైదు రూపాయలకు విడిచినది. కుళాయినీరు లేక చెంబెడు నీళ్ళతో గీసికొనువాని ఇంట, అలుగుల సందున చిక్కిన వెంట్రుక కడిగినను పోదని వారు గ్రహించిరి. మరల మన నీరే తీర్పు చెప్పినది.

వేడుక చల్లారుటకు పైకి కనబడు కారణములు అనేకము. 2017లో 'అర్జున్ రెడ్డి', మరుసటి యేట 'రంగస్థలం', ఆ పిమ్మట 'పుష్ప' చలనచిత్రములు వచ్చి గడ్డమునకే పట్టము కట్టినవి. 2020 లాక్‌డౌనులో సెలూన్లు మూతపడగా ట్రిమ్మరు ఇంటింటికి వచ్చి, తిరిగి పోలేదు. ఇవి నిజములే గాని నాకు తోచిన అసలు కారణము వేరు. వేడుకకాండ్రలో పెక్కురు సామగ్రిని కూర్చిరే గాని చేతిని తీర్చుకొనలేదు. నెలకొక సబ్బు, ఋతువున కొక బ్లేడు మార్చువానికి ఏ సబ్బు ఏ నీటికి పొసగునో, ఏ బ్లేడు తన మెడసుడికి ఓర్చునో తెలియునది ఎట్లు? క్రొత్తదనము తీరినంతనే కోరిక తీరును. ఒక్క రేజరు, ఒక్క సబ్బు పెట్టుకొని ఆరుమాసములు తన వాలును తాను చదివికొన్నవానిని చూడుడు. వాడు ఇంకను మానలేదు.

ఇట్లనుటచేత ఈ విద్య పోయినదని భావింపరాదు. ఎయిడ్సు భయము వ్యాపించిన పిమ్మట సెలూన్లలో మడతకత్తి స్థానమున బ్లేడు మార్చు కత్తి వచ్చినది. కాగితములో ఉండగనే బ్లేడును రెండుగా విరిచి సగమును బిగించుదురు. సాన, పట్టా పోయినవి గాని వాటము, వాలు పోలేదు. మంగళవారము సెలవు గనుక సోమవారము సాయంకాలమున నరసరావుపేటలోనో మార్టూరులోనో ఒక పాత సెలూనులో కూర్చుండుడు. పెద్దవయసు క్షురకుడు కత్తి తీయుటకు ముందు మీ దవడక్రింద వ్రేలివెనుకభాగమును ఒకసారి నడిపి, "ఎన్నాళ్ళయింది బాబూ గీయించుకుని?" అని అడుగును. మీ జవాబునుబట్టి ఆయన తడుపు మారును: రెండునాళ్ళ గడ్డమైనచో ఒక తడుపు, వారము దాటినచో రెండు, నలువదియొక్క దినముల అయ్యప్పదీక్ష విరమించి వచ్చిన గడ్డమైనచో ముందు కత్తెర పట్టి, నురుగు పూసి, ప్రక్కకుర్చీలోనివాని పని ముగించి వచ్చును.