గిడుగువారి సవరభాషాకృషి

గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారి పేరు వినినంతనే మనవారికి వ్యావహారికవాదమే స్ఫురించును. వారి జన్మదినమగు ఆగస్టు 29వ తేదిని తెలుగుభాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. సవరభాషకు వారు చేసిన సేవను మాత్రము సభలయం దొక్కవాక్యముతో ముగించుచున్నాము. ఇది న్యాయము కాదు.

పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో నుపాధ్యాయవృత్తి నవలంబించిరి. తెలుగెఱిగిన సవరయువకు నొకని నింట నుంచుకొని యాభాష నభ్యసించిరి. తెలుగులిపిలో సవరవాచకములు రచించిరి. సవరబాలురకు బడులు పెట్టి స్వద్రవ్యముతో నడపిరి. మన్యపుజ్వరమునకు బుచ్చుకొనిన క్వినైనువలన వారికి వినికిడి తగ్గెను. అన్యభాషాధ్వనులను జెవితోనే పట్టవలసినవాని కింతకంటె గష్టమేమి గలదు?

1931లో మదరాసున బ్రకటింపబడిన వారి సవరవ్యాకరణము వైయాకరణులకు విందు. సవర ముండాకుటుంబములోనిది; తెలుగునకు గాని సంస్కృతమునకు గాని జ్ఞాతి కాదు. సంస్కృతమున సుబంతము సుబంతముతో సమసించుట సామాన్యవిధి. మయూరవ్యంసకాదులను విడిచినచో, తిఙంతము సమాసమున జొరదు. సవరయందో, నామము కుఱుచయై క్రియలోపలికే చొచ్చును. ఎనుమునకు ‘బొంతెల్’ అని పేరు. క్రియతో గూడునపుడు ‘బొఙ్’ అను నేకాక్షరమే మిగులును. ఎనుమును దినుట యంతయు నొక్కపదమున నిముడును. దీనిని ద్వితీయావిభక్తి యను మన చట్రమున బిగింపక, యున్నదున్నట్లు చూపుట పంతులుగారి ప్రజ్ఞ.

లోపములు లేకపోలేదు. గ్రంథము ఆంగ్లమున వెలసినది; కొండబడిలోని యుపాధ్యాయునకు దానివలన బ్రయోజన మల్పము. సవరలో గంఠమును బిగించి పలుకు ధ్వని యొకటి గలదు. తెలుగులిపిలో దానికి గుఱుతు లేదు. 1936లో మంగేయి గొమాంగో సవరకు బ్రత్యేకలిపినే కల్పించెను. ఆసంవత్సరముననే పర్లాకిమిడి యొరిస్సాలో జేరెను. నాటినుండి యొకేజాతి పిల్లలు సరిహద్దున కీవల నొకలిపిని, ఆవల వేఱొకలిపిని దిద్దవలసివచ్చెను.

2004లో నాంధ్రప్రదేశమున సవరతో గూడ నెనిమిది గిరిజనభాషలలో బ్రాథమికబోధ ప్రయోగముగా నారంభమయ్యెను. మంచిదే. కాని సవరను తెలుగునకు నిచ్చెనగా మాత్రమే నిలిపి, పిల్లవాడు మీది కెక్కినపిదప దన్నివేయుట నా కంగీకారము కాదు. రెండుభాషలును గడవఱకు సాగినప్పుడే యది ద్విభాషాబోధ యనిపించుకొనును.

ఇక నొకమాట దాచరాదు. గ్రామ్యము నాకు రుచింపదు, ఈవ్యాసమే సాక్షి. అయినను, పిల్లవాడు చదువులోనికి దనయింటి మాటతోనే ప్రవేశింపవలెనని సవరబాలుని విషయమున నిస్సంశయముగా నొప్పుకొనుచున్నాను. అట్లైన దెలుగుబాలుని మాటయేమి? యని పంతులుగా రడిగినచో నేను దడబడుదును. నా యాక్షేపము కావ్యభాషకే గాని, తొలివాచకమునకు గాదని మాత్రము చెప్పగలను. ఇరువదియేండ్ల క్రిందట నిట్లు చెప్పియుండను.

ఆ వ్యాకరణమును దెనిగింప బూనువారు సవరయుపాధ్యాయు నొకని బ్రక్కను గూర్చుండబెట్టుకొని, ప్రతిపదమును వానినోట బలికించి సరిచూచుకొనవలెను. పంతులుగారు చేసినదియు నదియే.